నిద్రలో నిమిషానికి 50 శ్వాసలు, డొక్కలు ఎగరేస్తోంది: ఇప్పుడే తీసుకెళ్లాలా, పొద్దున దాకా ఆగొచ్చా?

#1 బూడిదతోక | రాత్రి 11:42

మగపిల్లి, ఆరేళ్లు, న్యూటర్ అయింది, 4.6 కిలోలు, ఇల్లు దాటదు. పొద్దుటి నుంచి తిండి ముట్టలేదు. పడుకున్నప్పుడు మూడుసార్లు లెక్కపెడితే 48, 52, 50 వచ్చాయి. నోరు మూసుకునే ఉంది. దగ్గు, తుమ్ము, ముక్కు కారడం ఏమీ లేవు. కానీ పక్కకి ఒరిగి పడుకోవట్లేదు. మోచేతులు బయటికి తిప్పుకుని, మెడ ముందుకు చాచి కూర్చుంటోంది. ఊపిరి తీసిన ప్రతిసారీ డొక్క కొట్టుకుంటోంది. ఇది ఉబ్బసమా? రాత్రికి ఇంట్లో చేయగలిగింది ఏమైనా ఉందా?

#2 ఆక్సిజన్‌బోను | రాత్రి 11:49

ఆగకండి, ఇప్పుడే బయల్దేరండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి నిద్రలో సాధారణంగా 30 దాటదు. మూడుసార్లూ 50 దగ్గర వచ్చిందంటే లెక్క తప్పు కాదు. దానికి మించి, మీరు రాసిన కూర్చునే తీరే అసలు సంగతి చెబుతోంది. మోచేతులు ఒంటికి ఎడంగా పెట్టేది ఛాతీ విచ్చుకోవడానికి, మెడ చాచేది గాలిదారి తిన్నగా ఉండటానికి. పక్కకి ఒరిగితే ఊపిరి అందదని దానికి తెలుసు.

నోరు మూసుకునే ఉందిగా అని ధైర్యపడొద్దు. కుక్క వేడెక్కితే నోరు తెరుస్తుంది, పిల్లి దాదాపు అన్నీ అయిపోయాక తెరుస్తుంది. చిగుళ్లు నీలమవడం ఇంకా ఆలస్యంగా కనిపించేది, దాని కోసం ఎదురుచూడకూడదు.

బయల్దేరే ముందు ఫోన్ చేయండి. అడగాల్సినవి నాలుగే: ఆక్సిజన్ ఉందా, ఛాతీ అల్ట్రాసౌండ్ చూసేవాళ్లు ఈ రాత్రి ఉన్నారా, ఛాతీలో నీరుంటే సూదితో తీయగలరా, రాత్రంతా మనిషి కనిపెట్టుకుని ఉంటారా. మొదటిదానికి లేదన్నారంటే, దగ్గరైనా సరే, అక్కడికి వద్దు. ఇంకో పది నిమిషాలు దూరమైనా ఆక్సిజన్ ఉన్నచోటికే వెళ్లండి. శ్వాసల లెక్క, చిగుళ్ల రంగు, నోరు తెరుస్తోందా లేదా, ఎంతసేపట్లో చేరతారు, ఇవి ఫోన్లోనే చెప్పేస్తే మీరు గుమ్మంలో అడుగు పెట్టేసరికి వాళ్లు సిద్ధంగా ఉంటారు.

చిగుళ్లు చూడటానికి నోరు తెరవక్కర్లేదు. పైపెదవి మూల కొంచెం ఎత్తితే చాలు. అది కూడా విదిలించుకుంటే వదిలేయండి.

#3 పెట్టెమూత | రాత్రి 11:53

ఆయాసంలో ఉన్న పిల్లి పట్టుకునేటప్పుడు జరిగే పెనుగులాటలోనే చచ్చిపోవచ్చు. ఉన్న కాస్త ఆక్సిజన్ ఆ అర నిమిషంలో ఖర్చయిపోతుంది. కాబట్టి పట్టుకోవడం ఎలాగో ముందు చూడండి.

పిల్లిని పెట్టె దగ్గరికి తీసుకెళ్లొద్దు, పెట్టెనే పిల్లి దగ్గరికి తేవాలి. గట్టి ప్లాస్టిక్ క్యారియర్ అయితే పక్క క్లిప్పులు తీసేసి పైభాగం విడదీయండి. కింది సగంలో జారని తువ్వాలు పరవండి. సోఫా కింద ఉంటే లాగకండి, ఇద్దరు కలిసి సోఫానే ఎత్తి పక్కన పెట్టండి. ఒక చెయ్యి ముందుకాళ్ల మధ్య రొమ్ము ఎముక కింద, ఇంకోటి వెనకభాగం కింద పెట్టి, పొట్ట నేలవైపే ఉండేలా ఎత్తి దించండి. పక్కటెముకల్ని రెండువైపుల నుంచీ నొక్కకూడదు. మెడ వెనక చర్మం పట్టుకుని ఎత్తకూడదు, వెల్లకిలా తిప్పకూడదు, బిడ్డలా ఎత్తుకోకూడదు. దించాక పైమూత మెల్లగా బిగించండి. పైభాగం ఊడే పెట్టె అయితే ఆసుపత్రిలో కూడా తలుపులోంచి లాగే పని ఉండదు, మూత తీసి అలాగే ఆక్సిజన్ కింద పెట్టేస్తారు.

క్యారియర్ లేకపోతే గట్టి అట్టపెట్టె, నాలుగువైపులా వేలు దూరేన్ని కన్నాలు, అంతే. మూడువైపులా పలచటి గుడ్డ కప్పి, తలుపువైపు వదిలేయండి. దుప్పటి చుట్టొద్దు. కారు ముందే చల్లబరచండి. పెట్టెని ముందుసీటు వెనక నేలమీద పెడితే కదలదు. నోట్లో నీళ్లు, మందు, తిండి ఏదీ వద్దు. ఊపిరి అందని పిల్లికి మింగడం కుదరదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

#4 బూడిదతోక | రాత్రి 11:58

చిగుళ్లు పాలిపోయిన గులాబీ రంగు, నీలం లేదు. 25 నిమిషాల దూరంలో ఆక్సిజన్, అల్ట్రాసౌండ్ రెండూ ఉన్నాయన్నారు. దారిలో ఊపిరి ఆగిపోతే?

#5 ఆక్సిజన్‌బోను | రాత్రి 11:59

బండి నడిపేవాళ్లు నడుపుతూనే ఉండాలి, ఇంకొకరు వెనక కూర్చోవాలి. స్పృహ లేకుండా, పిలిచినా తాకినా పలక్కుండా, ఊపిరి ఆడకుండా ఉంటేనే ఇది. పక్కకి పడుకోబెట్టి, మోచేతుల వెనక ఛాతీని ఒక చేత్తో బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు ఇంకోవైపు వచ్చేలా పట్టుకుని నొక్కండి. నిమిషానికి 100–120, ఛాతీ వెడల్పులో మూడోవంతు నుంచి సగం దాకా, ప్రతిసారీ పూర్తిగా వదలాలి. 30 నొక్కులకి 2 ఊపిరులు: నోరు మూసి, ముక్కు మీద నోరు పెట్టి, ఛాతీ లేచేంతే ఊదాలి. స్పృహలో ఉన్న పిల్లికి ఇవేవీ చేయకూడదు. బయల్దేరండి.

#6 తుమ్ములరాజా | రాత్రి 12:10

ఆసుపత్రికి వెళ్లేలోపు బాత్రూంలో వేడినీళ్లు తిప్పి పది నిమిషాలు ఆవిరి పట్టిస్తే కొంచెం తేలికవుతుంది కదా? ఛాతీకి బామ్ కూడా రాయొచ్చు.

#7 పెట్టెమూత | రాత్రి 12:14

రాజా గారూ, ఆవిరి ముక్కు దిబ్బడకి. తింటూ, తిరుగుతూ, తుమ్ముతూ, ముక్కు గురగురలాడే పిల్లికి రోజుకి రెండుమూడుసార్లు 10–15 నిమిషాలు పనికొస్తుంది. 0.9 శాతం సెలైన్ నెబ్యులైజర్ అయితే ఇంకా మంచిది. ఈ పిల్లికి ముక్కు శుభ్రంగా ఉంది, తేడా ఉన్నది ఛాతీలో. మూసిన గదిలో వేడి, తేమ కలిస్తే శ్వాస ఇంకా పెరుగుతుంది.

బామ్ అసలే వద్దు. కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం, టీ ట్రీ నూనె లాంటివాటిని విరగ్గొట్టి బయటికి పంపే పని పిల్లి కాలేయం సరిగ్గా చేయలేదు. రాసింది నాకి మింగుతుంది కూడా.

#8 ఆక్సిజన్‌బోను | రాత్రి 12:31

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో రాస్తాను, ఎందుకంటే చాలామంది "ముందు ఎక్స్‌రే తీయలేదేం" అని గొడవపడతారు. తీయకపోవడమే సరైనది. ఎక్స్‌రే బల్ల మీద పక్కకి పడుకోబెట్టి కాళ్లు చాపి పట్టుకోవడమంటే ఈ స్థితిలో ప్రాణం మీదికి తేవడమే.

మొదట ఆక్సిజన్ బోనులో 15–20 నిమిషాలు ముట్టుకోకుండా వదిలేస్తారు. బోను లేకపోతే గొట్టాన్ని ముక్కుకి రెండుమూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టి నిమిషానికి 2–3 లీటర్లు వదులుతారు. కంగారు తగ్గడానికి బ్యూటోర్ఫనాల్ కండరంలోకి ఇస్తారు, 0.2–0.4 మి.గ్రా. కిలోకి. మత్తు ఇస్తే ఊపిరి ఆగిపోదా అని భయపడతారు గానీ ఈ మోతాదులో ఉపశమనమే ఎక్కువ. తర్వాత పిల్లి కూర్చునే ఉండగా అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఛాతీకి ఆనించి రెండు నిమిషాల్లో చూస్తారు: ఊపిరితిత్తి చుట్టూ నీరుందా, ఊపిరితిత్తిలోనే నీరుందా, గుండెలో ఎడమ పైగది (ఎడమ కర్ణిక) ఉబ్బిందా.

ఊపిరితిత్తి చుట్టూ నీరుంటే ఏడో ఎనిమిదో పక్కటెముకల మధ్య సీతాకోకచిలుక సూది గుచ్చి, మూడుదారుల కవాటానికి 20 మి.లీ. సిరంజి తగిలించి లాగుతారు. ఏ మాత్రలూ ఇంజెక్షన్లూ ఇంత త్వరగా ఊపిరి ఇవ్వలేవు. ఆ నీటిని పారబోయనివ్వకండి. ఊదా మూత గొట్టంలో కణాల పరీక్షకి కొంత, శుభ్రమైన గొట్టంలో కల్చర్‌కి (సూక్ష్మజీవుల పరీక్షకి) కొంత.

రంగు చాలా చెబుతుంది. పలచగా, లేత పసుపు లేదా లేత గులాబీ అయితే గుండె వైపు చూస్తారు. వేళ్ల మధ్య తీగలా సాగే చిక్కటి పసుపు, ప్రోటీన్ ఎక్కువ ఉంటే ఎఫ్‌ఐపీ (పిల్లుల కరోనావైరస్ వల్ల వచ్చే జబ్బు) అనుమానం. ఒకప్పుడు అది మరణశిక్షే, ఇప్పుడు జీఎస్-441524 మందుతో చాలావరకు బతుకుతున్నాయి. దుర్వాసన కొడితే చీము, అప్పుడు ఛాతీలో గొట్టం వేసి కడగాలి, వారాల తరబడి యాంటీబయాటిక్ వాడాలి. పాలలా తెల్లగా ఉంటే కైల్ (కొవ్వు కలిసిన శోషరసం). అందులో ట్రైగ్లిజరైడ్లు రక్తంలో కన్నా ఎక్కువ ఉంటే ఖాయం.

#9 పిల్లికూత | రాత్రి 12:50

మనుషుల ఛాతీలో వచ్చే ఈల శబ్దాన్ని మనవాళ్లు పిల్లికూతలు అన్నారు గానీ, పిల్లికే ఉబ్బసం వచ్చినప్పుడు ఆ కూత మన చెవికి అరుదుగా వినబడుతుంది. స్టెతస్కోప్ కావాలి.

"ఇది ఉబ్బసమా" అన్న ప్రశ్నకి. దగ్గు లేదన్నారు కదా, అదే పెద్ద ఆధారం. పిల్లి దగ్గితే ముందు గాలిగొట్టాల వైపు చూడాలి. మనుషుల్లో, కుక్కల్లో లాగా గుండె జబ్బుకి పిల్లి దగ్గడం తక్కువ. శ్వాస ఎక్కడ బరువవుతుందో కూడా గమనించాలి. లోపలికి లాగేటప్పుడు కష్టపడుతూ గురక లాంటి శబ్దం వస్తే అడ్డు పైన, ముక్కు-గొంతు భాగంలో: పాలిప్, గడ్డ, ముక్కు వెనక ఇరుక్కున్న గడ్డిపోచ. బయటికి వదిలేటప్పుడు పొట్ట బిగించి నెడుతుంటే ఉబ్బసం. శబ్దం లేకుండా, పైపైన, వేగంగా ఉంటే ఛాతీలో నీరో గాలో. #1లో రాసింది మూడోదానికి దగ్గరగా ఉంది.

వెంట్రుకల ఉండ వాంతికీ దగ్గుకీ తేడా చాలామందికి తెలియదు. రెండింటిలోనూ పిల్లి నేలకి కరుచుకుని మెడ చాస్తుంది. వాంతి అయితే పొట్ట ఊగి చివరికి ఏదో బయటపడుతుంది. దగ్గు అయితే ఏమీ రాదు, చివర్లో ఒక గుటక వేసి లేచి వెళ్లిపోతుంది. నెలలో రెండుమూడుసార్లు "ఉండ రాలేదు" అనిపిస్తే 30 సెకన్ల వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. మాటల్లో చెప్పేదానికన్నా ఆ వీడియో పది రెట్లు మేలు.

#10 బూడిదతోక | మర్నాడు సాయంత్రం 6:20

నీరే. 130 మి.లీ. తీశారు, లేత గులాబీ రంగు. గుండె కండరం మందమైందని, ఎడమ కర్ణిక బృహద్ధమనికి (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళానికి) 1.9 రెట్లు ఉందని స్కాన్ రిపోర్టు. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ 5 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ 18.75 మి.గ్రా. రోజుకి ఒకసారి రాశారు. ఫ్యూరోసెమైడ్ 40 మి.గ్రా. మాత్రే దొరికింది. క్లోపిడోగ్రెల్ నోట్లో పెడితే నురగ కక్కుతోంది. రేపటి నుంచి ఏం చూసుకోవాలి?

#11 ఆక్సిజన్‌బోను | సాయంత్రం 6:55

ఆ నిష్పత్తి 1.5 దాటితే కర్ణిక ఉబ్బినట్టు లెక్క, 1.9 అంటే స్పష్టంగా ఉబ్బింది. అందుకే క్లోపిడోగ్రెల్. ఉబ్బిన కర్ణికలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ జారి వెనకకాళ్లకి పోయే ధమని చీలేచోట ఇరుక్కుంటుంది. ఉన్నట్టుండి వెనకకాళ్లు పడిపోయి, పాదాలు చల్లబడి, గోళ్ల కింద రంగు పాలిపోయి, గట్టిగా అరుస్తూ రొప్పితే అది ఇదే. ఏ గంటకైనా పరుగెత్తాలి. కాళ్లు రుద్దుతూ కూర్చోవద్దు.

40 మి.గ్రా. మాత్రని ఎనిమిది ముక్కలు చేస్తే ఒకదాంట్లో 3, ఇంకోదాంట్లో 7 వస్తాయి. మిల్లీలీటరుకి 10 మి.గ్రా. ఉండే ద్రవం రాయించుకోండి. మీ మోతాదు 0.5 మి.లీ., సూది లేని 1 మి.లీ. సిరంజితో కచ్చితంగా కొలవొచ్చు. క్లోపిడోగ్రెల్ 75 మి.గ్రా. మాత్రలో నాలుగోవంతు, విపరీతమైన చేదు. నురగ విషం కాదు, చేదుకి వచ్చిన చొల్లు. 4వ సైజు ఖాళీ జెలటిన్ క్యాప్సూల్‌లో వేసి, నాలుక వెనక పెట్టి, వెంటనే సిరంజితో 3–5 మి.లీ. నీళ్లు చెంప పక్కనుంచి మెల్లగా పట్టించండి. పొడి మాత్ర గొంతులో అతుక్కుంటే పుండు పడుతుంది. క్యాప్సూల్ బయట పొడి అంటుకుంటే మళ్లీ అదే నురగ, కాబట్టి తుడిచి ఇవ్వండి.

వారం పదిరోజుల్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం చూపించుకోవాలి. మూత్రం పెరుగుతుంది, దాహం పెరుగుతుంది; నీళ్లు తగ్గించొద్దు, ఇసుకపెట్టె ఇంకొకటి పెట్టండి. తిండి పూర్తిగా మానేసి వాంతులవుతుంటే ఫ్యూరోసెమైడ్ అలాగే ఇస్తూ పోకుండా ఫోన్ చేయండి, ఒంట్లో నీరు ఎండిపోయి కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇక అసలు పని, రోజూ ఒకసారి గాఢనిద్రలో శ్వాసలు లెక్కపెట్టి కాగితం మీద రాయడం. ఛాతీ లేచి దిగితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి; 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్కటి తప్పినా నాలుగు తేడా వస్తుంది. మీసాలు, పాదాలు అదిరే కల నిద్రలో లెక్క వద్దు. 30 దాటితే గంటాగి మళ్లీ చూడండి, మళ్లీ దాటితే అదే రోజు ఫోన్. 40 దాటితే ఫోన్ దారిలో చేసుకోవచ్చు.

#12 గోళ్లుజాగ్రత్త | సాయంత్రం 7:30

వేలికి పెట్టే ఆక్సీమీటర్ పిల్లి పాదానికో చెవికో పెడితే పనిచేస్తుందా? ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ ఉంటే వాడొచ్చా?

#13 పెట్టెమూత | సాయంత్రం 7:41

ఆక్సీమీటర్ పనికిరాదు. బొచ్చు, చర్మం రంగు, వేగమైన నాడి, అన్నీ దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. 97 చూపించి ప్రాణం తీస్తుంది.

కాన్సెంట్రేటర్ ముక్కు దగ్గర గొట్టం పెట్టడం వరకు సరే, పిల్లి ఒప్పుకుంటే. మాస్కు బిగించొద్దు. పెట్టెకి ప్లాస్టిక్ చుట్టి లోపలికి ఆక్సిజన్ వదలడం చాలామంది చేసే తప్పు: వదిలిన కార్బన్ డయాక్సైడ్, ఒంటివేడి, తేమ లోపలే ఉండిపోతాయి. ఆసుపత్రి బోనులో వాటిని తీసేసే ఏర్పాటు ఉంటుంది. దగ్గర్లో మంట ఉండకూడదు, వేరే చెప్పక్కర్లేదు.

#14 చారలపిల్ల | రాత్రి 8:15

నాది వేరే సందేహం, ఉబ్బసం అని తేలిన ఐదేళ్ల ఆడపిల్లికి. ఫ్లూటికాసోన్ ఇన్‌హేలర్ రాశారు. పసిపిల్లలకి వాడే స్పేసర్ (ఇన్‌హేలర్‌కీ మాస్కుకీ మధ్య పెట్టే గొట్టం) సరిపోతుందా? నాలుగు రోజులైంది, తేడా లేదు.

#15 పిల్లికూత | రాత్రి 8:48

నాలుగు రోజులకి తేడా రాదు. పీల్చే స్టెరాయిడ్ పూర్తిగా పట్టడానికి ఒకటి రెండు వారాలు కావాలి. అందుకే ఆ రోజులు దాటేదాకా ప్రెడ్నిసొలోన్ మాత్ర కలిపి ఇచ్చి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. చీటీలో ప్రెడ్నిసోన్ అని ఉంటే ఒకసారి అడగండి. పిల్లి ఒళ్లు దాన్ని ప్రెడ్నిసొలోన్‌గా సరిగ్గా మార్చుకోదు. నెలకోసారి వేసే దీర్ఘకాలిక స్టెరాయిడ్ ఇంజెక్షన్ సులువే గానీ షుగర్ తెచ్చిపెడుతుంది, దాగి ఉన్న గుండె జబ్బుని బయటికి లాగుతుంది.

స్పేసర్ సంగతి. పిల్లి ఒక్క శ్వాసకి లాగే గాలి కిలోకి 10 మి.లీ. చుట్టుపక్కల, అంటే 4 కిలోల పిల్లికి 40 మి.లీ. గొట్టం పెద్దదైతే మందు అడుగునే ఉండిపోతుంది. కవాటం గట్టిదైతే ఆ చిన్న ఊపిరికి తెరుచుకోదు. పిల్లుల కోసమే చేసిన ఏరోక్యాట్ లాంటివాటిలో ఊపిరికి కదిలే చిన్న రేకు కనిపిస్తుంది, శ్వాసలు దాన్ని చూసి లెక్కపెట్టొచ్చు. పసిపిల్లల స్పేసరే వాడాలనుకుంటే, మాస్కు పెట్టి మందు లేకుండా ఒకసారి చూడండి. కవాటం కదలకపోతే అది దండగ.

ఇన్‌హేలర్ బాగా ఊపి, పిల్లికి దూరంగా స్పేసర్‌లోకి నొక్కి, తర్వాత మాస్కు పెట్టొచ్చు, బుస్సుమనే శబ్దానికే సగం పిల్లులు పారిపోతాయి. ముక్కూ నోరూ కలిపి మూసేలా మాస్కు ఆనించి 7–10 శ్వాసలు. ఒకసారికి ఒకే నొక్కు. రెండు రాస్తే మళ్లీ ఊపి రెండోది. అయ్యాక మూతి చుట్టూ తడిగుడ్డతో తుడవాలి.

స్పేసర్‌ని వారానికోసారి తేలికపాటి సబ్బునీళ్లలో ముంచి తీసి గాలికి ఆరబెట్టండి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కి స్థిర విద్యుత్తు పట్టి మందంతా గోడలకి అంటుకుంటుంది. గాలిగొట్టాల్ని వెంటనే తెరిచే సాల్బుటమాల్ వేరే ఉంటుంది, ఉబ్బసం దాడి వచ్చినప్పుడు మాత్రమే. రోజూ వాడితే గాలిగొట్టాల వాపు పెరుగుతుంది. అది ఇచ్చినా పావుగంటలో శ్వాస తగ్గకపోతే ఆసుపత్రే.

పొగ, సువాసన స్ప్రేలు, దుమ్ము లేచే ఇసుక మూడూ మానేయాలి. బయట తిరిగే పిల్లి అయితే ఊపిరితిత్తుల పురుగుకి మల పరీక్ష కూడా చేయించండి. దగ్గు, శ్వాస అచ్చం ఉబ్బసంలాగే ఉంటాయి, మందు మాత్రం పురుగులది.

#16 గోళ్లుజాగ్రత్త | రాత్రి 9:05

ఎవరూ రాయలేదు కాబట్టి: పిల్లి నీరసంగా ఉందని పారాసెటమాల్ ఇవ్వకండి, పావు ముక్క కూడా. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి మారిపోతుంది. చిగుళ్లు చాక్లెట్ రంగు, ముఖం, పాదాలు వాపు, వేగంగా ఊపిరి. ఇచ్చేసి ఉంటే దాచకుండా ఎంత, ఎప్పుడు అని చెప్పండి. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎంత ముందు పడితే అంత పనిచేస్తుంది.

#17 బూడిదతోక | మూడో రోజు రాత్రి 10:30

ద్రవం మందు దొరికింది, తింటోంది. లెక్క 28, 26. ఇప్పుడు ఒళ్లో పడుకుని ఆపకుండా గురగురమంటోంది, శ్వాస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలియట్లేదు.

#18 ఆక్సిజన్‌బోను | రాత్రి 10:34

గురగుర ఉన్నంతసేపూ లెక్క రాయకండి, నిద్ర పట్టాక చూడండి. మరీ తొందరైతే దగ్గర్లో కుళాయి సన్నగా తిప్పండి, చాలా పిల్లులు చెవులు నిక్కించి గురగుర ఆపేస్తాయి. గుండె వినడానికి మేం చేసేదీ అదే. అలా వచ్చిన అంకె పక్కన "మెలకువ" అని రాయండి, నిద్రలో అంకెతో కలపకూడదు.

#19 బూడిదతోక | రాత్రి 11:20

నిద్రపోయింది. 25. పక్కకి ఒరిగి పడుకుంది.